ధర చీటీ చదవడం వస్తే సగం బేరం అయినట్టే: విశాఖలో సెకండ్ హ్యాండ్ కొనుగోళ్లకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం బదిలీల ఊరు. తూర్పు నౌకాదళ కేంద్రం, పోర్టు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, రైల్వే ఉద్యోగుల కుటుంబాలు ఇక్కడికి వస్తూ పోతూనే ఉంటాయి. బదిలీ ఉత్తర్వు చేతికొచ్చాక బీరువాను, సోఫాను లారీకెక్కించి దేశం ఆ చివరకు మోయించడం కన్నా ఇక్కడే వదిలించుకోవడం మేలనుకునేవారు చాలామంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉండే విద్యార్థులు చదువు ముగియగానే కుర్చీలు, కూలర్లు, పుస్తకాలు అమ్మేసి రైలెక్కుతారు. వీటికి తోడు జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపు కాలిబాట అంగళ్లు, ఎగుమతి మిగులు బట్టలమ్మే దుకాణాలు, ఈమధ్య ఫోనులోనే నడిచే థ్రిఫ్ట్ స్టోర్లు, అంటే వాడిన బట్టలమ్మే దుకాణాలు. పాత సరుకుకు ఈ ఊళ్లో కొదవ లేదు. తికమకంతా ధర దగ్గరే.

కొత్త వస్తువు ప్యాకెట్టు మీద గరిష్ఠ చిల్లర ధర, అంటే ఎంఆర్‌పీ, అచ్చువేసి ఉంటుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అందులో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అంతకు మించి అడగకూడదు. వాడిన వస్తువుకు అలాంటి హద్దేమీ లేదు. దాని మెడకు కట్టిన చీటీలో ఉన్నది అమ్మేవారి అంచనా, ఇంకొంచెం నిజం చెప్పాలంటే వారి ఆశ. కాబట్టి ఆ చీటీలో ధరను చివర చదవాలి. ముందు చదవాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటి అడుగు: చీటీ రాసినదెవరో కనిపెట్టండి

ఒకే రకం చొక్కా నాలుగు చోట్ల నాలుగు ధరలు పలుకుతుంది. ఎందుకంటే అమ్మే నలుగురికీ అది నాలుగు దారుల్లో వచ్చింది.

కాలిబాట అంగడివారు సరుకును మూటల లెక్కన, బరువు లెక్కన కొంటారు. మూటలో బాగున్న పాతిక బట్టలు అమ్ముడైతే పెట్టుబడి వచ్చేస్తుంది. మిగతావి ఎంతకు పోయినా లాభమే. ఇక్కడ చీటీ ఉండదు, నోటిమాటే ధర. బేరానికి ఎక్కువ చోటున్నది కూడా ఇక్కడే.

ఎగుమతి మిగులు దుకాణంలో బట్ట వాడినది కాదు, కానీ ఏదో ఒక కారణంగా ఓడ ఎక్కనిది. మెడ దగ్గర బ్రాండు పేరును సగానికి కత్తిరించి ఉండటం ఇలాంటి సరుకులో తరచూ కనిపిస్తుంది. ఆ కత్తిరింపును చూసి నకిలీ అనుకోనక్కరలేదు, అసలుదని సంబరపడనూ అక్కరలేదు. ఎందుకు మిగిలిందన్నదే అసలు ప్రశ్న. ఆర్డరు కన్నా ఎక్కువ కుట్టి ఉండవచ్చు, లేదా ఒక చెయ్యి పొడవు, ఒక చెయ్యి పొట్టి అయి ఉండవచ్చు. రెండు చేతులూ కలిపి పట్టుకుని చూస్తే క్షణంలో తేలిపోతుంది.

బదిలీ మీద వెళ్లే కుటుంబం అమ్మేటప్పుడు చీటీలో ధర కన్నా వారి మనసులో తేదీ ముఖ్యం. పాఠశాలల సెలవుల ముందూ వెనకా ఇలాంటి అమ్మకాలు ఊపందుకుంటాయి. ఇల్లు ఖాళీ చేయడానికి మూడు వారాలుంటే ధర దగ్గర పట్టుదలగా ఉంటారు. మూడు రోజులే ఉంటే "మీరే చెప్పండి" అంటారు. అందుకే ఇంట్లో అడుగుపెట్టగానే ధర అడక్కండి. ఎప్పుడు బయల్దేరుతున్నారో అడగండి.

ఫోనులో నడిచే థ్రిఫ్ట్ స్టోరుది మరో లెక్క. అక్కడ ఒక్కో బట్టనూ ఏరి, ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటో తీసి పెట్టిన శ్రమకు కూడా ధర కట్టి ఉంటుంది. బేరం అరుదు, వాపసు దాదాపు ఉండదు. కొలతలు స్పష్టంగా ఇచ్చే స్టోరుకు పది రూపాయలు ఎక్కువిచ్చినా తప్పులేదని నా అభిప్రాయం. "ఫ్రీ సైజు" అని రాసి ఊరుకునే స్టోరు జోలికి పోకండి.

రెండో అడుగు: చీటీలో ధర కానిదంతా చదవండి

కాస్త పద్ధతిగా నడిచే పాత సామాన్ల దుకాణంలో చీటీ మీద అంకెతో పాటు ఒక రంగు చుక్కో, నెల గుర్తో, అక్షరమో ఉంటుంది. అది మీ కోసం రాసింది కాదు, దుకాణం కోసం రాసుకున్నది: సరుకు ఎప్పుడు వచ్చింది, ఎవరి దగ్గర నుంచి వచ్చింది అని. ఒక బల్ల చీటీ అంచులు పసుపుబారి, సిరా వెలిసిపోయి ఉంటే అది చాలాకాలంగా అక్కడే చోటు తింటోందని అర్థం. అద్దె కట్టే దుకాణదారుకు కదలని బల్ల బరువే. అక్కడ ధైర్యంగా తక్కువకు అడగవచ్చు. నిన్న వచ్చిన సరుకు దగ్గర అదే ధైర్యం చూపిస్తే మాటే దక్కదు.

స్టిక్కరు మీద స్టిక్కరు అంటించి ఉంటే అంచును గోటితో కాస్త ఎత్తి చూడండి. కింద ఎక్కువ ధర ఉంటే అది దిగుతున్న సరుకు. తక్కువ ధర ఉంటే ఎవరో బాగా అడిగి వెళ్లారన్నమాట, పెంచేశారు. ఎత్తి చూడటం వరకే. ఒక వస్తువు చీటీ పీకి మరోదానికి తగిలించడం మోసం, ఎక్కడైనా సరే.

ఇక పాత ఎంఆర్‌పీ చీటీ. కంపెనీ అట్ట ఇంకా వేలాడుతూ, దాని మీద 2,999 అని ఉండి, పక్కన పెన్నుతో 900 అని రాసి ఉంటే మన మనసు వెంటనే రెండు వేలు మిగిలాయని లెక్కేస్తుంది. ఆ లెక్క తప్పు. ఆ అంకె ఒకప్పుడు ఎవరో అడిగిన ధర, ఇవాళ్టి ధర కాదు. పైగా పన్నులు మారాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర ఉన్న దుస్తుల మీద జీఎస్టీ 5 శాతం. అంతకు ముందు వెయ్యి దాటితేనే 12 శాతం పడేది. ఏసీల మీద, 32 అంగుళాలకు మించిన టీవీల మీద అదే రోజు నుంచి పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. కాబట్టి పాత ఏసీ పెట్టె మీది ఎంఆర్‌పీని చూపించి "ఇందులో సగమేనండీ" అని ఎవరైనా అంటే, ఆ సగాన్ని పోల్చాల్సింది అదే రకం ఏసీ ఈ వారం కొత్తగా ఎంతకు వస్తోందో ఆ ధరతో. ఫోను జేబులోనే ఉంటుంది, దుకాణం గుమ్మంలో నిలబడి చూసుకోవచ్చు.

మూడో అడుగు: బట్ట లోపలి లేబులును వెలికితీయండి

బయట వేలాడే చీటీ అమ్మేవారు మార్చగలరు. లోపల పక్క కుట్టులో కుట్టేసిన చిన్న లేబులును ఎవరూ మార్చరు. చొక్కా అయితే ఎడమవైపు లోపలి కుట్టు వెంట కిందికి తడమండి. ప్యాంటు అయితే నడుము పట్టీ లోపల.

అందులో మొదట నూలు శాతం చూడండి. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు ఉక్కపోతే. నూరు శాతం పాలియెస్టర్ చొక్కా ఎంత చవకైనా, మే నెలలో మద్దిలపాలెం కూడలిలో సిగ్నలు దగ్గర నిలబడ్డప్పుడు దాని అసలు ధర తెలుస్తుంది. కాటన్, లినెన్, విస్కోస్ ఉన్నవి ఏరండి. కాటన్‌తో కొద్ది శాతం ఎలాస్టేన్, అంటే సాగే పోగు, కలిసిన ప్యాంట్ల దగ్గర మోకాళ్లను రెండు చేతులతో సాగదీసి వదలండి. వెనక్కి రాకుండా గుడ్డ ఉబ్బిపోయి నిలిస్తే దానిలో సాగుడు అయిపోయినట్టే.

తర్వాత గుర్తులు. నీళ్ల తొట్టి బొమ్మ ఉతకడానికి. అందులో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి, మీద అడ్డగీతలుంటే నీళ్లు తగలకూడదు. త్రిభుజం బ్లీచింగుకు. చతురస్రం ఆరబెట్టడానికి. ఇస్త్రీపెట్టెలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, మూడుంటే ఎక్కువ వేడి. వృత్తం ఉంటే డ్రైక్లీనింగు. రెండు వందలకు దొరికిన కోటుకు తొట్టి మీద అడ్డగీతలు, పక్కన వృత్తం కనిపిస్తే, దాన్ని శుభ్రం చేయించిన ప్రతిసారీ ధరను మళ్లీ కడుతున్నట్టు లెక్క.

సైజు అంకెను నమ్మకండి. ఒక కంపెనీ 40 మరో కంపెనీ 42 అవుతుంది. పైగా పాత బట్ట ఉతుకుల్లో కుంచించుకుపోయి ఉంటుంది. ఇంట్లో మీకు చక్కగా పట్టే చొక్కాను మంచం మీద పరిచి, చంక నుంచి చంక దాకా, భుజం నుంచి భుజం దాకా, మెడ నుంచి అంచు దాకా కొలిచి ఆ మూడు అంకెలూ ఫోనులో రాసి పెట్టుకోండి. దుకాణానికి టేపు తీసుకెళ్లండి. చంక నుంచి చంకకు 21 అంగుళాలు వస్తే ఛాతీ చుట్టుకొలత 42. ఫోనులోని స్టోర్లలో కొనేటప్పుడు కూడా ఈ మూడు అంకెలే శరణ్యం. బూట్ల విషయంలో మన దగ్గరి అంకెలు సాధారణంగా బ్రిటిష్ కొలతలే. అమెరికా నుంచి వచ్చిన మగవారి బూట్ల మీద 9 అని ఉంటే మన 8కి దగ్గరగా ఉంటుంది.

నాలుగో అడుగు: లేబులే లేని చోట, అంటే చీరల దగ్గర

పాత బట్టల్లో అసలైన నిధి చీరలే, వాటికేమో లేబులు ఉండదు. పాత పట్టుచీరలు కొంటామని బోర్డులు పెట్టేవారిలో చాలామంది చూపు జరీ మీద. గుడ్డ బాగున్న చీరలు మాత్రం మళ్లీ అమ్మకానికి వస్తాయి. అలాంటి చీర చేతికొచ్చినప్పుడు తొందరపడకుండా ఈ వరసలో చూడండి.

ముందు పొడవు. చీర సుమారు అయిదున్నర మీటర్లుండాలి, అంటే పన్నెండు మూరలు. మోచేతితో కొలిచేయండి. కొంగు చిరిగితే కత్తిరించి అంచు కుట్టేసినవి, కుచ్చిళ్ల దగ్గర ముక్క తీసి పిల్లలకు లంగాలు కుట్టించినవి పాత చీరల్లో తగులుతూనే ఉంటాయి. పది మూరలే వస్తే అది కట్టుకునే చీర కాదు, గుడ్డ ముక్క. ధర కూడా అలాగే ఉండాలి.

తర్వాత మడతలు. పట్టుచీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో పెట్టి ఉంచితే ఆ గీత వెంట పోగులు చిట్లుతాయి. చీరను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని మడత గీతల వెంట చూడండి; సన్నటి వెలుగు గీత కనిపిస్తే ఒకటి రెండు కట్లలో అక్కడే చిరుగుతుంది. కింది అంచున ఫాల్ కుట్టి ఉంటే దాని కిందకు వేలు పోనిచ్చి తడమండి. చిరుగులను దాచడానికి ఫాల్ కన్నా అనువైన చోటు లేదు.

మూడోది వెనకవైపు. ఉప్పాడ జాందానీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేతలో బుటా వెనకా ముందూ దాదాపు ఒకేలా శుభ్రంగా ఉంటుంది. ఉప్పాడ అని చెప్పి చూపిస్తున్న చీర వెనక పోగులు వదులుగా వేలాడుతుంటే, లేదా వాటిని కత్తిరించిన మొదళ్లు గరుకుగా తగులుతుంటే అది వేరే నేత. బాగుండవచ్చు, కానీ ఉప్పాడ ధర ఇవ్వకండి. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు ఉత్తరాంధ్ర ఇళ్లలో పెద్దల పెట్టెల నుంచి అప్పుడప్పుడూ బయటికొస్తుంది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో వడుకుతారు. ఆ పంచెను వెలుగుకు పట్టుకుంటే పోగు ఒకచోట వెంట్రుకలా సన్నగా, పక్కనే కాస్త లావుగా పోతూ కనిపిస్తుంది. మిల్లు నూలులో ఆ హెచ్చుతగ్గులుండవు. ఇలాంటిది చిరుగు లేకుండా దొరికితే నేను బేరమాడను.

పట్టు అవునో కాదో తేల్చడానికి పాత పద్ధతే మంచిది: అమ్మేవారి అనుమతితో కొంగు కుచ్చులోంచి ఒక్క పోగు తీసి కాల్చండి. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. విస్కోస్ కాగితంలా కాలిపోతుంది. జరీ నల్లబడితే నకిలీ అని చాలామంది తీర్పు చెప్పేస్తారు. అది తొందరపాటు. వెండి కూడా గాలికి నల్లబడుతుంది, సముద్రపు గాలికైతే చెప్పనే అక్కరలేదు. జరీ పోగును విప్పి చూడండి: పట్టు దారానికి చుట్టిన లోహపు తీగ ఊడి వస్తే అది లోహపు జరీ, తళతళలాడే ప్లాస్టిక్ పట్టీలా సాగితే కాదు. లోహం వెండో రాగో తేల్చడం కంసాలి పని.

ఇత్తడి, కంచు సామాన్లకు వేరే శాస్త్రమేమీ లేదు. ఆ రోజు పాత ఇత్తడి కిలో ధర ఎంతో ముందు కనుక్కుని, బిందెను తూకం వేయించండి. తూకం విలువ మీద ఎంత అదనం అడుగుతున్నారో అదే పనితనానికి కట్టిన ధర. శ్రీకాకుళం జిల్లా బుడితి పనితనం లాంటిదైతే ఆ అదనం న్యాయమే.

అయిదో అడుగు: సముద్రపు గాలి పరీక్ష

హైదరాబాదులో పాత ఫ్రిజ్ కొనడం వేరు, విశాఖలో కొనడం వేరు. ఇక్కడి గాలిలో ఉప్పు ఇనుమును వదలదు. బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇళ్ల నుంచి వచ్చిన వస్తువులైతే మరింత జాగ్రత్త.

ఫ్రిజ్ ముందువైపు కాదు, కింద కాళ్లు, వెనక జాలీ, తలుపు రబ్బరు కింది అంచు చూడండి. పెయింటు ఉబ్బి గోటికి పెచ్చులూడితే లోపల తుప్పు నడుస్తోంది. తలుపులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. ఏసీ అయితే గదిలోని పెట్టె కన్నా బయటి పెట్టె ముఖ్యం. దాని వెనక సన్నటి రేకులు వేలితో తాకితే పొడిగా రాలుతుంటే ఎంతకిచ్చినా వద్దనండి. ఏసీకి అంటించిన విద్యుత్ పొదుపు నక్షత్రాల లేబులు కూడా ఒక రకం ధర చీటీయే. నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా, లేబులు చెల్లే కాలాన్నీ, ఏడాదికి ఎన్ని యూనిట్లని రాశారో ఆ అంకెనూ చూడండి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు కాబట్టి పాత లేబులు మీది అయిదు నక్షత్రాలు ఇవాళ్టి అయిదు కావు. ఆ యూనిట్ల అంకెను కొత్త మోడలు అంకెతో పోల్చి, తేడాను మీ కరెంటు బిల్లు రేటుతో గుణిస్తే పాత ఏసీ ఏడాదికి ఎంత తింటుందో తేలుతుంది. చాలాసార్లు చవక ఏసీ మూడో వేసవికే ఖరీదైపోతుంది.

చెక్క సామాను దగ్గర కింది నాలుగు అంగుళాలే చూడండి. పొట్టుతో అదిమి చేసిన బోర్డు నీళ్లు తగిలితే అట్టలా ఉబ్బుతుంది, మళ్లీ దిగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నాడు కిటికీలు పగిలి ఎన్నో ఇళ్లలోకి వాన కొట్టింది. ఆనాటి అల్మారాలు మీద కొత్త రంగు వేసుకుని ఇప్పటికీ చేతులు మారుతున్నా నాకు ఆశ్చర్యం లేదు. టేకు, వేప అయితే బరువే చెబుతుంది. సోఫా అయితే దిండ్లు తీసి కుట్టుల వెంట నల్లటి చుక్కలున్నాయేమో చూడండి, అవి నల్లుల ఆనవాళ్లు.

సెకండ్ హ్యాండ్ ఫోనుకు ఒక్క పరీక్ష మాత్రం తప్పనిసరి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపండి. దొంగిలించినదని నమోదై బ్లాక్ అయితే తెలిసిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైటులోనూ ఇదే చూడవచ్చు. ఫోనులోంచి అమ్మేవారి లాగిన్ ఖాతా మీ ఎదుటే తీయించి, బిల్లు కాగితం తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

ఆరో అడుగు: మీ ధర మీరు కట్టి, తర్వాత నోరు విప్పండి

ఇంతసేపు చూసినదంతా ఇప్పుడు అంకెగా మార్చాలి. ఉదాహరణకు ఒక చెక్క కుర్చీ, చీటీలో 1,200. అదే రకం కొత్తది 3,000కు వస్తోందనుకుందాం. వాడిన వస్తువుకు నేను సగం దాటను కాబట్టి 1,500 నా గరిష్ఠ హద్దు. అందులోంచి కాలు బిగించే వడ్రంగి కూలి 300, పాలిష్ 250, ఇంటికి తెచ్చే ఆటో 200 తీసేస్తే 750 మిగిలింది. అదీ నా ధర. చీటీలోని 1,200 చవకగా కనిపించినా, ఇంటికొచ్చేసరికి అది 1,950 కుర్చీ. బట్టలకైతే గుండీలు, జిప్పు, దర్జీ కూలి, ఉతుకు ఖర్చు ఇలాగే తీసేయండి. పుస్తకాలకు అట్ట వెనక ధరలో సగం అనే పాత లెక్క ఇప్పటికీ పనికొస్తుంది, కానీ పోటీ పరీక్షల పుస్తకాలకు ముద్రణ సంవత్సరం చూడకుండా పావు ధర కూడా ఇవ్వకండి.

ఇక బేరం. పొద్దున్నే బోణీ వేళ వెళ్తే ధర దిగడం మామూలే, కానీ బోణీ వేళ బేరమాడి కొనకుండా రావడం మర్యాద కాదు. కొనే ఉద్దేశం లేనిదే ఆ సమయంలో అడక్కండి. అడిగేటప్పుడు వస్తువును తీసిపారేయకుండా లోపాన్ని మాత్రం చూపించండి.

"ఎంతకిస్తారు బాబూ?"

"పన్నెండు వందలమ్మా, చీటీలోనే ఉంది."

"ఈ కాలు కదులుతోంది చూడండి. వడ్రంగికి మూడు వందలు పెట్టాలి. ఏడు వందలకు ఇవ్వండి."

"అంత తగ్గితే మాకు గిట్టుబాటు కాదమ్మా. వెయ్యికి తీసుకోండి."

"ఏడున్నర. ఆటో నేనే చూసుకుంటాను."

ఇక్కడ ఆగిపోండి. ఏడున్నర మీ లెక్కలో తేలిన ధర, దాన్ని దాటితే ఇంతసేపు వేసిన లెక్కకు అర్థం లేదు. ఒప్పుకోకపోతే ఫోను నంబరు ఇచ్చి వచ్చేయండి. కదలని సరుకైతే వారమో పది రోజులో గడిచాక పిలుపొస్తుంది. చేనేత పంచె అమ్మే ముసలాయన దగ్గర, మూట నెత్తిన పెట్టుకుని ఎండలో తిరిగే మనిషి దగ్గర ఈ పట్టుదల అక్కరలేదు. ఇరవై రూపాయలు వారి చేతిలోనే ఉండనివ్వండి.

చీటీ ఎంత తక్కువున్నా కొనకూడనివి

హెల్మెట్, ఒకసారి కింద పడిందో లేదో బయటికి కనిపించదు. గీతలు పడిన నాన్‌స్టిక్ పెనాలు. పాత గ్యాస్ గొట్టాలు. వాడిన పరుపులు. ఐఎస్ఐ గుర్తు లేని పిల్లల బొమ్మలు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి చేశారు. పాత ప్రెషర్ కుక్కరు మూతకు, గిన్నెకు ఒకే కంపెనీ పేరు లేకపోతే అదీ ఈ జాబితాలోనే.

అమెరికా, బ్రిటన్ వెళ్లే పిల్లలకు ఇక్కడే ఒక మాట

విశాఖలో పెరిగినవారికి మందపాటి చలికోటు ఇక్కడ కొనడం దండగ. అక్కడి థ్రిఫ్ట్ స్టోర్లలో, అందునా ఆగస్టులో దిగగానే, కొనుక్కోవడం తెలివైన పని. కానీ అక్కడి చీటీల భాష వేరు.

అమెరికాలో గుడ్‌విల్ పేరు ముందుగా వింటారు. 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మతబోధకుడు మొదలుపెట్టిన సేవాసంస్థ అది, దానంగా వచ్చిన పాత వస్తువులు అమ్ముతుంది. దాని దుకాణాల్లో చాలాచోట్ల చీటీ రంగు ఆ వస్తువు ఏ వారం బయట పెట్టారో చెబుతుంది. రంగులు వంతులవారీగా తిరుగుతాయి. వంతు వచ్చిన రంగు చీటీలకు ఆ వారం సగం ధరే. ఏ రంగుకు తగ్గింపో గోడ మీద రాసి ఉంటుంది. ప్రాంతానికొక విడి సంస్థ నడుపుతుంది కాబట్టి ఒక ఊరి రంగుల పట్టిక మరో ఊళ్లో చెల్లదు. తగ్గింపు వారంలోనూ అమ్ముడుపోని సరుకు చివరికి అవుట్‌లెట్‌కు పోతుంది, అక్కడ తూకం లెక్కన అమ్ముతారు. చీటీ ఊడిపోయిన వస్తువును బిల్లు కౌంటరులో చాలాసార్లు అమ్మరు, కాబట్టి చీటీ ఉన్నదే తీసుకోండి.

మనవాళ్లు తడబడేది పన్ను దగ్గర. మన ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది. అమెరికాలో చీటీ మీది ధరకు అమ్మకపు పన్ను బిల్లు దగ్గర అదనంగా పడుతుంది. శాతం రాష్ట్రాన్ని, ఊరిని బట్టి మారుతుంది. ఓరెగాన్, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో మాత్రం రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు. చేతిలో లెక్క ప్రకారం డాలర్లు పట్టుకుని వరసలో నిలబడకండి.

బ్రిటన్‌లో చీటీ మీది ధరే చివరి ధర. అక్కడి చారిటీ దుకాణాల్లో, అంటే దానంగా వచ్చినవి అమ్మే సేవాసంస్థల దుకాణాల్లో, ధర చీటీతో పాటు మరో బార్‌కోడు స్టిక్కరు కనిపిస్తే కంగారుపడకండి. అది గిఫ్ట్ ఎయిడ్ గుర్తు, ఆ వస్తువు ఇచ్చిన దాతది; గిఫ్ట్ ఎయిడ్ అంటే దాత కట్టిన పన్నులోంచి సంస్థకు కొంత ఇచ్చే ప్రభుత్వ పథకం. దాని ఆధారంగా వచ్చిన ప్రతి పౌండుకూ సంస్థ ప్రభుత్వం నుంచి 25 పెన్నీలు రాబట్టుకుంటుంది. మీరు కట్టేదాంట్లో తేడా ఏమీ ఉండదు.

ఇంటికి తెచ్చాక, మళ్లీ అమ్మేటప్పుడు

తెచ్చిన బట్టలను ఇంట్లో బట్టలతో కలపకుండా, లేబులు ఒప్పుకున్నంత వేడి నీళ్లలో ఉతికి, ఎండలో తిరగేసి ఆరేయండి. తేమగా ఉండగానే బీరువాలో పెడితే ఈ ఊళ్లో వారంలో బూజు వాసన పడుతుంది. పట్టుచీరను నీడన గాలికి ఆరనిచ్చి, పాత మడత గీతల మీద కాకుండా కొత్త చోట మడవండి.

మీరు అమ్మే రోజు వస్తే చీటీ మీరే రాయండి, అంకె ఒక్కటే రాసి ఊరుకోకండి. బట్టకు చంక నుంచి చంక కొలత, ఫ్రిజ్‌కు కొన్న నెల, ఏసీకి చివరిసారి గ్యాస్ నింపించిన తేదీ, కుర్చీకి కదిలే కాలు. లోపం ముందే రాసి ఉంటే కొనేవారికి దాన్ని చూపించి తగ్గించమనే వీలుండదు. వచ్చినవారు నేరుగా ధర దగ్గరికే వస్తారు.